కరువు ఊళ్లలో గొర్రెల కాపరుల ఇళ్ల ఆడవాళ్లకు సాయం చేయాలంటే గొర్రెలే కొనివ్వాలా?

ఎర్రనేల
అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గం వైపు ఉన్న మా ఊరిలో సగానికి పైగా ఇళ్లు జీవాల మీద బతికే కురుబలవి, గొల్లలవి. వానలు వరుసగా రెండేళ్లు ముఖం చాటేస్తే మగవాళ్లు మందలను తోలుకొని కర్ణాటక వైపుకో, కృష్ణా కాలువల కిందికో వెళ్లిపోతారు. ముసలివాళ్లు, పిల్లలు, నడవలేని నాలుగు జీవాలు, ఇంటి ముందుకు వచ్చే అప్పులవాళ్లు ఆడవాళ్ల వంతుకు మిగులుతారు. ఊరి నుంచి బయటికి వచ్చి స్థిరపడిన మేము కొందరం కలిసి మూడు లక్షల రూపాయలు పోగు చేశాము. పన్నెండు మంది ఆడవాళ్లకు సొంత సంపాదన ఏర్పడేలా ఏదైనా చేయాలని మా ఆలోచన. తలా నాలుగు గొర్రెలు కొనిస్తే సరిపోతుంది, వాళ్లకు తెలిసిన పని అదే కదా అని మాలో ఎక్కువమంది అంటున్నారు. కరువొస్తే అందరికంటే ముందు పోయేది గొర్రె అయినప్పుడు, కరువు నుంచి గట్టెక్కడానికి మళ్లీ గొర్రెనే ఇవ్వడం నాకు మింగుడు పడడం లేదు. ఇలాంటి పని దగ్గరుండి చూసినవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

హగరి_గట్టు
గొర్రెలు వద్దనుకుంటే కుట్టు మిషన్లు ఇవ్వండి. రాయదుర్గంలో రెడీమేడ్ దుస్తుల కుట్టుపని ఎన్నో ఇళ్లకు అన్నం పెడుతోంది. అక్కడి నుంచి ముక్కల లెక్కన పని తెచ్చుకోవచ్చు.

పశువైద్యం_పెనుకొండ
గొర్రెను పూర్తిగా పక్కన పెట్టమని నేను చెప్పను కానీ, నాలుగేసి గొర్రెలు పంచే పద్ధతిని మాత్రం ఒప్పుకోను. నాలుగు గొర్రెలున్న ఆవిడ వాటిని ఎవరితో మేపిస్తుంది? భర్త మందలోనో, బావ మందలోనో కలుపుతుంది. కలిపిన మరుక్షణం నుంచి అవి ఆవిడవి కావు; అమ్మేది మగవాళ్లు, డబ్బు జేబులో పెట్టుకునేదీ మగవాళ్లే. కరువులో అమ్మాల్సి వస్తే మొదట తెగేవి కూడా అవే.

ఆడవాళ్లు ఇంటి దగ్గరే చేయగలిగిన జీవాల పని ఒకటి ఉంది, అది పొట్టేలు పిల్లల పెంపకం. తల్లిపాలు మానిన మూడు నాలుగు నెలల పిల్లలను కొని, పాకలో కట్టి, వేరుశనగ కట్టె, జొన్న చొప్ప, అవిసె ఆకు, కొంచెం దాణా పెట్టి, మరో మూడు నాలుగు నెలలకు బక్రీదుకో దసరాకో అమ్ముతారు. పెట్టుబడి ఏడాది పొడవునా ఇరుక్కుపోదు. మేత దొరకని ఏడాది కొనకుండా ఊరుకోవచ్చు. మందకు ఆ వెసులుబాటు ఉండదు. తొలకరికి ముందే చిటుక వ్యాధి టీకా, దాంతోపాటు పారుడు వ్యాధి టీకా, సమయానికి నట్టల మందు పడాలి. ఇవి తప్పితే వ్యాపారం లేదు.

హగరి_గట్టు
కరువు ఏడాది కొనకుండా ఊరుకుంటే, ఆ ఏడాది ఇల్లు గడిచేది దేనితో? ఎర్రనేల గారు అడిగింది సరిగ్గా ఆ ఏడాది గురించే.

పశువైద్యం_పెనుకొండ
మీ ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఇది ఒక్కటే చాలదు. ముందటి ఏడాది లాభం చేతిలో నగదుగా మిగలాలి, లేదా ఆ ఇంట్లో ఇంకో ఆదాయం ఉండాలి.

సవానా_తెలుగు
నేను నైరోబీలో ఉంటాను. ఉద్యోగరీత్యా ఉత్తర కెన్యా ప్రాంతాలకు తరచుగా వెళ్లాల్సి వస్తుంది. మీ ఊరి చిక్కు మార్సాబిట్, సంబురు వైపు ఇంకా పెద్దగా కనిపిస్తుంది. అక్కడి రెండిల్లే, గబ్రా, సంబురు తెగల మగవాళ్లు ఒంటెలు, ఆవులు, మేకలతో మేత ఎక్కడుంటే అక్కడికి వెళ్తారు, ఆడవాళ్లు పిల్లలతో గుడిసెల దగ్గర ఉండిపోతారు. 2020 చివరి నుంచి వరుసగా అయిదు వానకాలాలు విఫలమయ్యాయి (అక్కడ ఏడాదికి రెండు వానకాలాలు). దేశం మొత్తం మీద సుమారు 25 లక్షల పశువులు చచ్చిపోయాయి.

అక్కడ బోమా ప్రాజెక్టు అనే సంస్థ చాలా ఏళ్లుగా చేస్తున్న పద్ధతి మీకు పనికి రావచ్చు. ఊళ్లో అందరికంటే పేదలెవరో ఊరివాళ్లనే అడిగి తెలుసుకుంటారు. ముగ్గురేసి ఆడవాళ్లను ఒక జట్టుగా చేసి, ఆ ముగ్గురికీ కలిపి ఒకే వ్యాపారానికి డబ్బిస్తారు. అది అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. తొలి రోజుల్లో జట్టుకు 100 డాలర్లు, ఆరు నెలల తరువాత వ్యాపారం నిలబడి ఉంటే మరో 50 ఇచ్చేవారు. ఆ తరువాత అలాంటి జట్లన్నింటినీ పొదుపు సంఘంలో చేరుస్తారు. ఇంతకంటే ముఖ్యమైనది, ఆ ప్రాంతపు మనిషే ఒకరు రెండేళ్ల పాటు నెలనెలా వచ్చి లెక్కలు చూసి, తగువులు తీర్చి, ధరలు చెప్పి వెళ్తారు. జట్టులో ఒకావిడ కాన్పుకు వెళ్లినా, మందతో వెళ్లాల్సి వచ్చినా మిగిలిన ఇద్దరు దుకాణం తెరిచి ఉంచుతారు. ఒంటరిగా ఉన్న ఆడమనిషి దగ్గర డబ్బు అడిగి తీసుకునే బంధువు, ముగ్గురి డబ్బును అడగడానికి వెనకాడతాడు.

ఎర్రనేల
ఏ వ్యాపారాలు పెట్టారు? కరువులో అవి నిలిచాయా?

సవానా_తెలుగు
ఎక్కువగా చిన్న దుకాణాలే: చక్కెర, టీ పొడి, మొక్కజొన్న పిండి, సబ్బులు. మేకల కొనుగోలు, అమ్మకం చేసేవారూ ఉన్నారు. కరువు ముదిరినప్పుడు మేకకు ధర పడిపోతుంది, అదే వారం పిండి ధర పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఒక మేకను అమ్మి కొనే పిండిలో సగం కూడా అప్పుడు రాదు. కొనేవాళ్ల చేతిలో డబ్బుండదు కాబట్టి అరువు అడుగుతారు. నేను చూసిన ఒక దుకాణంలో చదువురాని ఆవిడ అరువు లెక్కను గోడకు బొగ్గు గీతలుగా పెట్టుకుంది. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క వరుస. కరువు నెలల్లో గీతలు కిటికీ దాకా పాకాయి, అరలు మాత్రం ఖాళీ అయ్యాయి. మందలున్న ఇళ్లవారే కొనుగోలుదారులైతే, మంద పోయిన రోజున దుకాణం కూడా పోతుంది. దూరపు పట్నానికి అమ్మినవారు అంతగా దెబ్బ తినలేదు. ఇసియోలో పట్టణంలో సోమాలీ ఆడవాళ్లు ఒంటె పాలు సేకరించి, పసుపు రంగు డబ్బాలలో బస్సుల మీద నైరోబీలోని ఈస్ట్‌లీకి పంపుతారు. పాల దిగుబడి తగ్గుతుంది కానీ, కొనేవాళ్లు తగ్గరు. పైగా ఆవుకు పాలు ఎండిపోయాక కూడా ఒంటె కొన్నాళ్లు పాలిస్తుంది.

లెక్కల_పద్దు
సవానా_తెలుగు గారు చెప్పిన పద్ధతికి మూలం బంగ్లాదేశ్‌లోని బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన నిరుపేదల కార్యక్రమం. ఒక ఆస్తి, కొన్నాళ్లు తిండి ఖర్చు, శిక్షణ, పొదుపు, వారం వారం పలకరింపు కలిపి ఇస్తారు. ఇథియోపియా, ఘనా, హోండురాస్, మన దేశం, పాకిస్తాన్, పెరూలలో దీన్ని పరీక్షించి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కార్యక్రమం ముగిసి ఏడాదైన తరువాత కూడా ఆ ఇళ్ల తిండి, ఆదాయం మెరుగ్గానే ఉన్నాయి. మన దేశంలో పరీక్ష జరిగింది పశ్చిమ బెంగాల్‌లో.

కానీ మనవాళ్లు తప్పక తెలుసుకోవలసిన ఇంకో పరీక్ష ఉంది. అదే నమూనాను అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో ఎస్‌కేఎస్ స్వచ్ఛంద సంస్థ నడిపింది. ఆడవాళ్లలో చాలామంది పశువులనే ఎంచుకున్నారు. పశువుల మీద ఆదాయం పెరిగింది, కూలి ఆదాయం దాదాపు అంతే తగ్గింది. నికరంగా ఏమీ మిగలలేదు. గేదెను చూసుకోవడానికి ఆవిడ కూలికి వెళ్లడం మానేసింది, అంతే. కాబట్టి ఎర్రనేల గారూ, కొత్త పని ఎంత తెస్తుందో అడిగే ముందు, దాని కోసం ఆవిడ ఏ పని వదులుకుంటుందో అడగండి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మీ జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. వేసవిలో ఆ కూలి మీ ఊరి ఆడవాళ్లకు నికరమైన డబ్బు. దానికి అడ్డుపడే వ్యాపారం పెట్టించకండి.

పాలమూరు_ఊలు
ఇంతమంది రాశారు, ఉన్ని మాట ఒక్కరూ ఎత్తలేదు. దక్కని గొర్రె నల్ల ఉన్ని మీదే కురుమల ఇళ్లలో ఆడవాళ్ల సంపాదన ఉండేది. మగవాళ్లు కత్తిరిస్తే, ఆడవాళ్లు ఉన్నిని దులిపి, ఏకి, రాట్నం మీద దారం వడికేవారు. గుంట మగ్గం మీద మగవాళ్లు నేసిన గొంగడికి చింతగింజల గంజి పట్టించేవారు. మా నాయనమ్మ వడికిన దారం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. తెంపడానికి రెండు చేతులతో గుంజాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే గొర్రె వాసన ఇంకా వస్తుంది. వానలో తడవని, చలిలో వెచ్చగా ఉండే ఆ గొంగడికి బదులు సంతలో చవక దుప్పట్లు వచ్చాయి. మాంసం కోసం నెల్లూరు జాతి పొట్టేళ్లను దించారు, మందల్లో ఉన్ని లేని పిల్లలు పుట్టాయి. అట్లా ఆడవాళ్ల చేతిలోని పని పోయింది. ఆ పోయిన పనికి లెక్క కట్టినవారు లేరు.

తెలంగాణలో 2017లో గొర్రెల పంపిణీ పథకం వచ్చినప్పుడు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా, 75 శాతం రాయితీతో ఇచ్చారు. గొర్రెల పెంపకందారుల సొసైటీ సభ్యులకే ఇచ్చారు. మా ఊరి సొసైటీ పుస్తకంలో ఉన్నవన్నీ మగవాళ్ల పేర్లే. మీ మూడు లక్షలు ఆడవాళ్ల పేరిట, ఆడవాళ్ల పనికి వెళ్లాలంటే ఉన్ని కంటే సరైన దారి నాకు కనిపించడం లేదు.

పశువైద్యం_పెనుకొండ
మీ బాధ నాకు అర్థమైంది కానీ, అనంతపురం మందల్లో ఇప్పుడు ఎక్కువగా ఉన్నవి ఉన్ని రాని జాతులు, వాటి సంకరాలే. దక్కని గొర్రె కూడా ఏడాదికి కిలో ఉన్ని ఇవ్వదు. కత్తిరించే కూలికి కూడా ఉన్ని ధర సరిపోక, కత్తిరించి అక్కడే పారేసే కాపరులను నేను ఏటా చూస్తున్నాను.

పాలమూరు_ఊలు
పారేస్తున్నారంటే కొనేవాడు లేక పారేస్తున్నారు, పనికిరాక కాదు. ఆ ఉన్నితో చెప్పులు, సంచులు, నేల చాపలు చేసి నగరాల్లో అమ్ముతున్నవారు ఉన్నారు.

లెక్కల_పద్దు
కొనేవారు ముందు దొరికితే ఉన్ని పని పెట్టండి, దారం వడికాక కొనేవారిని వెతుక్కుందామంటే మాత్రం వద్దు. ఈ షరతు ఉన్నికే కాదు, కుట్టు మిషన్‌కూ వర్తిస్తుంది. హగరి_గట్టు గారు చెప్పిన రాయదుర్గం పని కల్యాణదుర్గం పల్లెకు చేరి, కుట్టిన బట్ట తిరిగి వెళ్లాలంటే రవాణా ఎవరు చూస్తారు?

హగరి_గట్టు
తెలిసిన మేస్త్రీ ఉంటే అవుతుంది, లేకపోతే కష్టమే. ఆ మాట ఒప్పుకుంటాను.

వెలుగు_పాతకాపు
నేను డ్వాక్రా రోజుల నుంచి సంఘాలతో పనిచేశాను. పెట్టుబడిని ఉచితంగా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. తిరిగి కట్టాలన్న భయం లేని డబ్బు పెళ్లికో, బోరుకో పోతుంది. ఊళ్లో పొదుపు సంఘాలు ఉండే ఉంటాయి. సంఘాలకు అప్పులిచ్చే బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి ఉన్నాయి. మీ మూడు లక్షలను సంఘం నిధిలో వేసి తక్కువ వడ్డీకి తిప్పితే, పన్నెండు మందితో ఆగకుండా ఊరంతటికీ అందుతుంది. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ చుట్టూ పెరిగిన మహిళా పొదుపు సహకార సంఘాలు మీకు దగ్గరలోనే ఉన్నాయి. ఆడవాళ్లే తమ డబ్బును తామే నడుపుకుంటున్నారు, వెళ్లి చూడండి.

లెక్కల_పద్దు
కరువు ఇళ్లకు అప్పు ఇచ్చే ముందు 2010ని గుర్తు చేసుకోవాలి. వారం వారం కిస్తీల ఒత్తిడి, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, ఆత్మహత్యలు, చివరికి ఆ వసూళ్లను అదుపు చేయడానికి ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది.

వెలుగు_పాతకాపు
అవి ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల అప్పులు, మా సంఘాలవి కావు. రెండింటినీ ఒకే గాట కట్టకండి.

పశువైద్యం_పెనుకొండ
గాట వేరైనా, కిస్తీ గడువు విషయంలో చిక్కు ఒక్కటే. కాపరి ఇంటికి డబ్బు నెలనెలా రాదు. గొర్రె పిల్లలను అమ్మినప్పుడు ఒక్కసారిగా వస్తుంది, ఎరువు కోసం మందను పొలంలో కట్టినందుకు రైతు ఇచ్చే గింజలో, డబ్బో మధ్యమధ్యలో వస్తాయి. నెల కిస్తీ పెడితే ఆవిడ ఎదగని పిల్లను తక్కువ ధరకు దళారికి అమ్మి కడుతుంది. అప్పే ఇవ్వాలనుకుంటే, సంత కాలాన్ని బట్టి ఏడాదికి రెండు విడతలుగా కట్టించుకోండి.

జొన్నరొట్టె_అక్క
ఇంతసేపూ మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను. మాది కురుబ ఇల్లు. మా ఆయన ఏడాదిలో సగం రోజులు మందతో ఉంటాడు. నేను, మా తోడికోడలు, పక్కింటి అమ్మాయి కలిసి కడక్ జొన్నరొట్టెలు చేసి అనంతపురంలోని మెస్సులకు, హాస్టళ్లకు వేస్తాము. మరిగే నీళ్లతో పిండి కలిపి, పలక మీద చేత్తో తట్టి, పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో తుడిచి, తిప్పి, చివరికి నిప్పు సెగకు నిలబెట్టి ఆరబెడతాము. ఆరిన రొట్టె నెల రోజులైనా చెడిపోదు. రొట్టె పది రూపాయలకు ఇస్తే జొన్నలు, కట్టెలు, బస్సు ఖర్చు పోను నాలుగు రూపాయలు మిగులుతుంది.

కరువు ఏడాది మా రొట్టెలు తగ్గలేదు. పట్నంలో తినేవాళ్లకు మా ఊరి వానతో సంబంధం లేదు. జొన్నల ధర మాత్రం పెరిగింది. అందుకే ఇప్పుడు పంట కోతలప్పుడే కొని డ్రమ్ముల్లో వేపాకు వేసి పెట్టుకుంటున్నాము. మేము కష్టపడింది వేరే చోట. ఒక సంస్థవాళ్లు వచ్చి మూడు రోజులు పచ్చళ్ల శిక్షణ ఇచ్చి, ఫొటోలు తీసుకుని, సర్టిఫికెట్లు చేతిలో పెట్టి వెళ్లారు. సీసాలు ఎక్కడ దొరుకుతాయి, ఎవరు కొంటారు అని అడగడానికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. మాకు రొట్టెల దారి చూపించింది మెస్సులో వంట చేసే మా ఊరి ఆవిడ. మొదటి రోజుల్లో తనే మా వెంట వచ్చి మేనేజర్లతో మాట్లాడింది. సవానా గారు చెప్పిన నెలనెలా వచ్చే మనిషి అంటే మాకు ఆవిడే.

ఉచితంగా ఇస్తే పెళ్లికి పోతుందని పైన రాశారు. అప్పుగా ఇచ్చినా పోతుందమ్మా. మేతకు డబ్బు లేక జీవాలు పడిపోతుంటే, ఇంట్లో డబ్బు పెట్టుకుని ఇవ్వనని ఏ ఆడది అనగలదు? మా ముగ్గురి డబ్బు ముగ్గురి సంతకాలతో బ్యాంకులో ఉంది కాబట్టి, మా ఆయన అడిగిన రోజు నేను మిగతా ఇద్దరినీ చూపించగలిగాను. మా లాభంలో నా వాటా నేను ఆయనకు మేతకు ఇచ్చాను, పెట్టుబడి ముట్టలేదు. జీవాలు బతకడం మాకూ కావాలి కదా.

ఎర్రనేల
అక్కా, మీరు రాసినది మా వాళ్లందరికీ చదివి వినిపించాను. పెద్ద వయసువాళ్లు కూడా గొర్రెల మాట పక్కన పెట్టారు. ఇప్పటికి అనుకుంటున్నది ఇది: పన్నెండు మందిని ముగ్గురేసి నాలుగు జట్లుగా చేసి, జట్టుకు ముప్పై వేలు ఇప్పుడు, ఆరు నెలల తరువాత నడుస్తున్నవాటికి ఇంకో పదిహేను వేలు. ఏ పని అన్నది వాళ్లే చెప్పాలి, కొనేవారు ఎవరో మాత్రం ముందే చూపించాలి. మిగిలిన లక్షా ఇరవై వేలలో చాలా భాగం, రెండేళ్ల పాటు నెలనెలా వాళ్లతో తిరిగే ఒక మనిషికి జీతంగా వెళ్తుంది. జీతానికి అంత డబ్బా అని మాలో కొందరు గొడవ పెడుతున్నారు.

సవానా_తెలుగు
ఆ జీతం మీదే మొత్తం నిలబడుతుంది, దాన్ని కోయకండి. కొంత డబ్బును కరువు కోసం కదపకుండా ఉంచండి. 2010లో మార్సాబిట్‌లో మొదలైన పశువుల బీమా, ఉపగ్రహం ఫొటోల్లో మేత పచ్చదనం ఒక మట్టం కంటే తగ్గితే ఎన్ని పశువులు చచ్చాయని చూడకుండానే డబ్బిస్తుంది. మీ నిధికి కూడా అలాంటి ముందస్తు గుర్తు ఒకటి పెట్టుకోవచ్చు. ఉదాహరణకు ఆగస్టు చివరికి ఇంత వాన పడకపోతే తీయవచ్చని రాసుకోండి, జీవాలు పడిపోయేదాకా ఆగకండి.

వెలుగు_పాతకాపు
రెండో విడత డబ్బునైనా సంఘానికి తిరిగి వచ్చేలా చూడండి. నా మాట మీద నేను ఉన్నాను. ఆ మనిషిని ఎంచేటప్పుడు డిగ్రీ చూడకండి. కూలికి వెళ్లే ఆడవాళ్లతో పొద్దున ఆరింటికి మాట్లాడగలిగినవారు కావాలి.

పాలమూరు_ఊలు
నాలుగు జట్లలో ఒక్క జట్టు ఉన్ని అడిగితే నాకు చెప్పండి. నగరంలో కొనేవారి ఆర్డరు కాగితం మీద తెచ్చి ఇస్తాను, అది చూశాకే డబ్బు పెట్టండి.

జొన్నరొట్టె_అక్క
ఇంకో మాట. జట్లను మీరు కలపవద్దు, వాళ్లనే కలవనివ్వండి. అత్తాకోడళ్లను ఒకే జట్టులో పెడితే కోడలి నోరు లేవదు. అరువు ఎంతవరకు అన్నది మొదటి రోజే రాసుకోమనండి, మేము మెస్సుకు రెండు వారాలు దాటనివ్వము. ఎవరైనా ఇద్దరు ముగ్గురు వచ్చి మా పని చూస్తామంటే మంగళవారం పంపించండి. ఆ రోజు పట్నానికి సరుకు వేస్తాము, మేనేజర్లతో లెక్క ఎలా చూసుకుంటామో పక్కనే ఉండి చూడవచ్చు. అన్నం మా ఇంట్లోనే.